చక్రపాణి గారి పదహారు

మేడ్చల్‌లో కంటి ఒత్తిడి కొలిచే మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. వాటిని సరిచూడ్డానికి అశ్రిత చేసిన సిలికాన్ కన్ను, మిగతావన్నీ సెట్ చేయడానికి కొలబద్దగా ఉంచిన మిషన్ ముందుంది. ఆమె పై అధికారి చక్రపాణి టైపు చేయించిన ఆమె రాజీనామా బల్ల మీదుంది. మనిషిని సాగనంపే రోజైతే ఆయనకు మహా ఉత్సాహం.

"మళ్ళీ నాలుగే. ఇది ఎన్నో కన్ను, అశ్రితా?"

"ఐదోది సార్. లోపల ఒత్తిడి పదహారే ఉంది. నీళ్ల గొట్టం కట్టి కొలిచి పెట్టిన."

"మరి మిషన్ నాలుగెందుకంటుంది? దానికి నీమీద పగా?"

"మిషన్‌నే ఒక్కసారి..."

"రోజూ పొద్దున్నే నా కన్ను పెట్టి చూస్తాను. పదహారు. తొమ్మిదేళ్లుగా పదహారు. దేవుడిచ్చిన కన్ను తప్పా, రావల్కోల్ పల్లె నుంచొచ్చి నువ్వు చేసిన రబ్బరు కన్ను తప్పా?"

"రోజూ పదహారేనా?"

"ఎప్పుడైనా ఒకటి ఎక్కువొస్తే మిషన్ స్క్రూ ఒక గీత తిప్పి పదహారుకి తెస్తాను. నా పనే అది."

"ఎన్నడన్న తక్కువొచ్చిందా?"

"లేదు. ఎక్కువే. అయితే ఏంటి?"

"ఎన్నిసార్లు తిప్పిన్రు?"

"పదో, పన్నెండో. సంతకం పెట్టు. జీడిమెట్లలో నాకు తెలిసినవాళ్లందరికీ నీ గురించి చెప్పేశాను, అక్కడ ఉద్యోగం వెతుక్కుని అలిసిపోకు."

"ఇంట్ల నా జీతమొక్కటే సార్."

"తెలుసు. పెట్టు."

"పెడ్త. మీరు పన్నెండు తిప్పిన్రు. పదహారున్న నా కన్నును నాలుగంటాంది. అంటె మిషన్ పన్నెండు తక్కువ చెప్తాంది. మీ కన్ను పదహారు గాదు, ఇరవై ఎనిమిది. ఇరవై ఒకటి దాటొద్దు."

"నోర్ముయ్."

"పక్కనుంచి వచ్చేటోళ్లు మీకు కనబడుతలేరు. మొన్న షామీర్‌పేట తొవ్వల ఆటో..."

"అది దుమ్ము. దుమ్ము వల్ల... ఇరవై ఎనిమిదా?"

"ఒత్తిడికి కంటి నరం ఎండుతాంది సార్. పోయిన చూపు ఇగ రాదు."

"ముందే తెలిస్తే చుక్కల మందుతో ఆగేది కదా."

"ఆగేది."

"నీకు... నీకెప్పుడు తెలిసింది?"

"నా రెండో కన్నును అందరి ముందల చెత్తడబ్బల ఏసిన్రు జూడు, గా దినమే."

"అంటే ఏడాది దాటింది! ఈలోపు బయటికెళ్లిన మిషన్లు? అవన్నీ దీన్ని చూసి సెట్ చేసినవే. ఎంతమంది కళ్లు పోయుంటాయి? నిన్ను జైల్లో పెట్టిస్తాను."

"ఎవ్వరియి పోలే సార్. బయటికి పోయే ప్రతి మిషన్‌ను ప్యాకింగ్‌కు ముందు నేనే సరిజేసి పంపిన. మీరు చూస్కునే గీ ఒక్కదాన్నే ముట్టలే."