పద్నాలుగో నంబరు లారీ మీద ఆయన సంతకం

1988వ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, సోమవారం ఉదయం ఏడున్నర గంటలకు, నేడు మనం సత్కరించుకుంటున్న పెద్దలు మన రవాణా సంస్థ వర్క్‌షాపులో అసిస్టెంటు ఫిట్టరుగా చేరారు. అప్పటికి వారికి ఇరవై రెండేళ్లు. చేరిన మొదటి గంటలోనే, ఒక సీనియర్ ఫిట్టరు గేరుబాక్సు విప్పబోతుంటే "ఆగండి, ముందు ఆయిల్ చూశారా?" అని అడిగి చీవాట్లు తిన్నారు. ఆయిల్ చుక్క కూడా లేదని తేలాక, ఆ చీవాట్లు పెట్టిన ఆయన చేతే టీ కూడా ఇప్పించుకుని తాగారు. ఆనాటి నుంచి వారి అసలు పేరు హాజరు పట్టీకే పరిమితమైంది. మనందరికీ వారు 'ఆగండి మేస్త్రి' గారు.

1994లో ఫిట్టరుగా, 2001లో చార్జ్‌హ్యాండుగా, 2006లో హెడ్ మెకానిక్‌గా వారు ఒక్కొక్క మెట్టు ఎక్కారు. ఏ మెట్టు మీద ఉన్నా పద్ధతి మాత్రం ఒకటే: ఒకసారి ఒక్క భాగమే మార్చాలి, మార్చాక బండి నడిపి చూడాలి. "రెండు మాత్రలు కలిపి మింగితే ఏది పనిచేసిందో కడుపుకి కూడా తెలీదు" అనేవారు. పనికొచ్చే వస్తువును పారవేయడమంటే మాత్రం వారికి ప్రాణసంకటం. స్టోర్సు చూసుకునే నాకు ఆ గుణం వల్ల ఎన్నడూ అలమర ఖాళీ కాలేదు గనుక, దాన్ని లోపమని నేను ఏనాడూ అనుకోలేదు. 2013 జూలై దాకా అనుకోలేదు.

ఆ రోజుల్లో మన లారీలు కొండ మీద కడుతున్న జలాశయానికి సిమెంటు తోలేవి. ట్రిప్పుకు పట్టే సమయం తగ్గించాలన్న సదుద్దేశంతో, అప్పటి వర్క్స్ మేనేజరు గారు పద్నాలుగో నంబరు లారీకి పెద్ద టర్బో, డీజిల్ చిమ్మే పెద్ద నాజిళ్లు పెట్టించి, డీజిల్ ఎక్కువ వెళ్లేలా పంపు సర్దించారు. ఇంజన్లోకి గాలిని దట్టించి కొట్టే టర్బోయే అందులో ముఖ్యం. ఇది గెలిస్తే మిగతా పంతొమ్మిది బండ్లకూ ఇదే వైద్యం. యార్డులో ఆ లారీ సింహంలా గర్జించింది. లోడుతో కొండెక్కేసరికి మాత్రం రెండో మలుపు దాటాక పికప్ పడిపోయి, పాత లారీల వెనకాల పాకుతూ వచ్చింది. రెండు వారాలు ఇదే వరస.

దాన్ని నడిపింది మన సీనియర్ డ్రైవరు గారు. వారికీ మేస్త్రి గారికీ ఏ చుట్టరికమూ లేకున్నా ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవారు. టర్బో బిగిస్తున్న రోజున ఈ డ్రైవరు గారు పదిమందిలో "ఉన్న గుండె తీసి ఏనుగు గుండె పెడుతున్నారు, ఒళ్లు ఒప్పుకోవద్దా?" అని నోరు జారారు. తన మాట నెగ్గించుకోవడానికి కావాలనే యాక్సిలరేటరు మీద కాలు వదులుతున్నారని మేనేజరు గారు నిశ్చయించి, నోటీసు ఇచ్చారు. గురువారం సాయంత్రం నాలుగు గంటలకు విచారణ. దాని ఫలితం ఉద్యోగం ఊడటమేనని, మిగిలిన నాలుగేళ్ల సర్వీసుతో పాటు పింఛనూ పోతుందని అందరికీ తెలుసు.

మేస్త్రి గారు మూడు రోజులు ఆ లారీకి చేయని పరీక్ష లేదు. ఫిల్టర్లు, నాజిళ్లు, పంపు, సైలెన్సరు ఒక్కొక్కటిగా చూశారు. ఏ దోషమూ దొరకలేదు. గురువారం ఉదయం మేనేజరు గారి గదిలో నిలబడ్డారు.

"యార్డులో లాగే బండిని యార్డులో ఎన్నాళ్లు చూసినా ఏం కనపడదు సార్. లోడుతో కొండెక్కాలి. ఆయనే నడపాలి."

"ఆయన నడిపితే ఆయనకు కావాల్సిందే జరుగుతుంది కదయ్యా."

"పక్కన నేనుంటాను."

"స్టోర్సాయన కూడా ఎక్కాలి. స్పీడూ టైమూ రాసుకురావాలి. నాలుగు లోపల ఇక్కడుండాలి."

అలా నేనూ ఎక్కాను. క్యాబిన్‌లో సీట్ల మధ్య ఉండే ఇంజన్ మూతను మేస్త్రి గారు ముందే విప్పించారు. టార్చి పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కాలే ఇంజన్ మీదికి వంగారు. ఆ సెగకు ఆ చివర కూర్చున్న నాకే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

మొదటి మలుపు సాఫీగా గడిచింది. "చూశావా బావా, నువ్వున్నావని బుద్ధిగా ఉంది" అన్నారు డ్రైవరు గారు.

"మాటలాపి తొక్కు."

"తొక్కుతూనే ఉన్నా. కావాలంటే కాలు చూసుకో, నా కేసంతా అక్కడే ఉంది."

రెండో మలుపు దాటాక స్పీడు ముల్లు ఇరవై ఎనిమిది నుంచి ఇరవై రెండుకు, అక్కణ్ణుంచి పదిహేనుకు పడింది. అద్దంలో నల్లటి పొగ తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ పొగ వెనక రెండు లోడు లారీలున్నాయి. ఎడమ పక్కన లోయ. డ్రైవరు గారి కాలు నేలకు అంటుకుని ఉంది. అది నేను నా కళ్లతో చూసి రాసుకున్నాను.

"బావా, ఆగిపోయేలా ఉంది. వెనక్కి జారిందంటే నా చేతిలో ఉండదు. ఆపేస్తున్నా."

"ఆపొద్దు. కాలు అలాగే ఉంచు."

"ఆగండి మేస్త్రి అని పేరు పెట్టించుకుని ఇప్పుడు ఆపొద్దంటావేంటి?"

ముల్లు తొమ్మిది దగ్గర వణుకుతోంది. "ఒక్క క్షణం కాలు తియ్యి" అన్నారు మేస్త్రి గారు. లారీ ఒళ్లంతా కుదిపి ముక్కింది. "మళ్లీ తొక్కు." తొక్కారు. నా పెన్ను రాయడం మరిచిపోయింది. ఎలాగో మూడో మలుపు దగ్గరి చదునైన చోటికి చేరి, హ్యాండ్ బ్రేకు వేశాక, మేస్త్రి గారు తలెత్తారు. ముఖం ఎర్రబడి ఉంది.

"ఏం బావా, దయ్యం కనపడిందా?"

"నా సంతకం కనపడింది."

వారికి కనపడింది టర్బోకు గాలి తెచ్చే రబ్బరు గొట్టం. పాత టర్బో పీల్చే గాలికి ఆ గొట్టం చాలింది. కొత్తది దాదాపు రెట్టింపు పీలుస్తుంది. ఇరవై నిమిషాలు కొండెక్కి గొట్టం వేడికి మెత్తబడగానే, పళ్లు లేని ముసలాయన చుట్ట పీల్చినప్పుడు బుగ్గలు లోపలికి పోయినట్టు, అది చదునుగా నొక్కుకుపోయి మూసుకుపోతోంది. ఇంజన్‌కు ఊపిరాడదు. కాలు తీస్తే మళ్లీ గుండ్రంగా నిలుస్తోంది, అందుకే యార్డులో ఎవరికీ దొరకలేదు. టర్బోతో పాటు లోపల తీగ చుట్టిన గట్టి గొట్టం కూడా నా స్టోర్సుకు వచ్చింది. "పాతది బాగానే ఉంది, మార్చనక్కరలేదు" అని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టింది మేస్త్రి గారే. కొత్తదాన్ని సంతోషంగా తిరిగి అలమరలో పెట్టింది నేనే.

మూడున్నరకు తిరిగొచ్చాం. మేనేజరు గారు అంతా విని, జాబ్ కార్డు తెప్పించి చదివారు. వారు చెడ్డవారు కారు.

"గొట్టం నాసిరకమని రాసెయ్యండి. డ్రైవరు బయటపడతాడు, సంతకం సంగతి ఎవరూ అడగరు. వచ్చే నెల సూపరింటెండెంటు ప్రమోషన్ల లిస్టులో మొదటి పేరు మీది."

"గొట్టం మంచిదే సార్. దానికి చేతకాని పని నేను చెప్పాను."

తప్పు తమదేనని మేస్త్రి గారు నివేదిక ఒక్క వాక్యంలో రాశారు, తమ పేరుతో సహా. నాలుగింటికి విచారణలో దాన్ని చదివారు. నాలుగుంబావుకు డ్రైవరు గారి నోటీసు రద్దయింది. వరండాలోకి వచ్చాక ఆయన మేస్త్రి గారి భుజం పట్టుకున్నారు.

"గొట్టం మీదికి తోసేస్తే పోయేది కదా బావా. నీకేం పోయేకాలం?"

"తోసేస్తే మిగతా పంతొమ్మిది బండ్లకూ పాత గొట్టాలే ఉంచేసేవాణ్ణి. ప్రతిసారీ నువ్వే నడుపుతావా ఏంటి?"

మరునాడు గట్టి గొట్టంతో పద్నాలుగో నంబరు లారీ అందరికన్నా ముందు కొండెక్కింది. మరు నెలలో లిస్టు వచ్చింది. మేస్త్రి గారి పేరు అందులో లేదు. ఆ తరువాత పదకొండేళ్లు వారు హెడ్ మెకానిక్‌గానే ఉండి, ఈ జూన్ ముప్పైన హెడ్ మెకానిక్‌గానే విరమిస్తున్నారు. డ్రైవరు గారు నాలుగేళ్లూ పూర్తిచేసి, పింఛనుతో ఇంటికి వెళ్లారు.

వదిన గారూ, ఆ లిస్టు వచ్చిన వారంలో మీరు మా ఇంటికి వచ్చి, "మా ఆయనకు ఎందుకు రాలేదు అన్నయ్యా, ఆయన్నడిగితే సీనియారిటీ అంటారు" అని అడిగారు. తెలియదన్నాను. తెలుసు. ఇంట్లో చెప్పొద్దని మేస్త్రి గారు నా దగ్గర మాట తీసుకున్నారు. ఆ మాట ఈ రోజు, అందరి ముందు, వారి అనుమతి లేకుండా తప్పుతున్నాను. మీ అమ్మాయి కూడా ఈ సన్మాన పత్రం చదవాలి.

ఇక వారిని నిలదీసే హక్కు మీది, తీరికా మీది. ఆ నిలదీతకు నింపాదిగా సమాధానం చెప్పుకోవడానికి, ఆ తరువాత మీ ఇద్దరూ కలిసి నవ్వుకోవడానికి సరిపడా, ఆయన సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని నీడపట్టున, చాలా చాలా ఏళ్లు జీవించాలని మా అందరి ఆకాంక్ష.