రెండుసార్లు పాడిన చరణం

ఆ ముసలి గాయకుడు ఏటా జరిపించే జానపద ఉత్సవం ముగిసింది. వేదిక వెనక గదిలో, ఆయనకు వంత పాడే కూతురు తంబురాకు గుడ్డ చుడుతోంది.

“మూడో చరణం రెండుసార్లు పాడానా, అమ్మాయ్?”

“లేదు నాన్నా.”

“నా మొహం చూసి చెప్పు.”

“పాడావు. నేనూ రెండుసార్లు అందుకున్నాను. జనం కావాలనే పాడామనుకున్నారు. రెండోసారికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి.”

“పోయినేడూ ఇలాగే కాచుకొచ్చావా?”

“పోయినేడు తప్పింది ఒక్క మాటే కదా, పోనీలే.”

“నాలుగో చరణం ఇప్పటికీ గుర్తు రావట్లేదే. మా అమ్మ ఒళ్ళో పెట్టుకుని నేర్పింది.”

“పాడనా?”

“ఇక్కడొద్దు. రేపు మన పాటల క్లాసులో పిల్లలకి నువ్వే నేర్పు. నేను వెనక కూర్చుని వంత పాడతాను.”

“నువ్వు వెనకా? ఏం మాటలవి నాన్నా!”

“వెనకే. నేను పాట తప్పితే మాత్రం నా వెంట రాకు తల్లీ. పిల్లలు అదే పాట అనుకుంటారు.”