కళ్లు మూసుకుని వేసిన ఓటు

మహిళల వాలీబాల్ ఫైనల్లో రెండు సెట్లు పోయాయి. మూడోదీ పోతే కప్పు పోతుంది. కప్పుతోపాటు కోచ్ ఉద్యోగమూ పోతుంది. ఆ రెండో సంగతి జట్టులో ఎవరికీ చెప్పలేదతను. పది నిమిషాల విరామంలో కెప్టెన్‌ను బంతులు పెట్టే గదిలోకి లాక్కొచ్చాడు.

"తలుపు వెయ్యి. ముందు ఆ తలుపు వెయ్యి."

"వేశాను సార్. కూర్చోండి, చేతులు అలా నలుపుకోకండి."

"నా చేతుల సంగతి వదిలెయ్. నీ చేతుల సంగతి చెప్పు. వరసగా మూడు సర్వులు నెట్‌కి కొట్టావ్. మూడు! నిద్రలో లేపి కొట్టమన్నా గీత మీద వేసే పిల్లవి."

"చెమట సార్. బంతి జారింది."

"మూడుసార్లూ జారిందా?"

"జారింది."

"సరే, నీకు జారింది. మన పొడుగు పిల్లకేమైంది? ఎగిరి బాదాల్సిన బంతిని నిలబడి తోస్తోంది, ఎదురింటి తలుపు తోసినట్టు."

"దానికి మడమ నొప్పి."

"పొద్దున బస్సులో గెంతుతూ వచ్చింది. పోనీ చిట్టి? చిట్టికేం నొప్పి? ఇరవై ఏళ్లుగా ఈ ఆటలో ఉన్నాను. పాయింటు పోయాక ఏడ్చేవాళ్లను చూశాను గానీ, పోకముందే ఏడ్చే పిల్లను ఇవాళే చూస్తున్నాను."

"చిన్నపిల్ల కదా సార్. కంగారు."

"నన్ను చూసి చెప్పు."

"చూస్తున్నాను కదా."

"నా బూట్లు చూస్తున్నావ్. ఎవరన్నా బెదిరించారా మిమ్మల్ని?"

"ఎవరూ బెదిరించలేదు. వాళ్లు బాగా ఆడుతున్నారు, అంతే."

"వాళ్లా? వాళ్ల సర్వు మన బస్సు డ్రైవరు కూడా తీస్తాడు! ఇదిగో, నేను మామూలుగా ఇలా అడగను. ఓడితే ఓడాం, రేపు చూసుకుందాం అంటాను. కానీ ఇవాళ వద్దు. ఇవాళ మాత్రం వద్దు."

"ఇవాళ మాత్రం ఎందుకు?"

"నీకెందుకు?"

"ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు."

"మీరూ అడగరు సార్."

"కోచ్ గారూ! లోపలున్నారా? ఇంక ఏడు నిమిషాలే!"

"వస్తున్నాం మేనేజర్ మేడమ్, వస్తున్నాం! విన్నావుగా? ఏడు. ఇంకేం చెయ్యమంటావ్ నన్ను, కాళ్లు పట్టుకోమంటావా?"

"అయ్యో, మోకాళ్ల మీద కూర్చుంటారేంటి! లేవండి. లేవండి సార్, ఎవరన్నా చూస్తే బాగుండదు. చెప్తాను. కోప్పడనంటే చెప్తాను."

"రెండేళ్లలో ఎప్పుడన్నా కోప్పడ్డానా?"

"లేదు. అదే కదా వచ్చిన చిక్కు."

"ఏంటి?"

"ఏం లేదు. మేం... ఓటు పెట్టాం."

"ఎప్పుడు?"

"పొద్దున, బస్సు దిగేముందు. మీరు నేర్పినట్టే పెట్టాం సార్. పదకొండు మందీ తల వంచుకుని, కళ్లు మూసుకుని చెయ్యెత్తారు. నేను లెక్కపెట్టాను. కెప్టెన్‌కి ఓటు లేదు, కోచ్‌కి లేదు, ఎవరెటు వేశారో ఎవరూ అడక్కూడదు, తేలినదానికి అందరూ..."

"నా పద్ధతి నాకే అప్పజెప్పకు. దేనిమీద ఓటు?"

"కోప్పడనన్నారు సార్, గుర్తుంచుకోండి."

"దేనిమీదమ్మా?"

"ఓడిపోదామా వద్దా అని."

"మళ్లీ చెప్పు."

"ఓడిపోదామనే తేలింది. ఆరుగురు. మిగతా ఐదుగురూ వద్దన్నారు. ఎవరో చెప్పకూడదు గానీ, చిట్టి వద్దంది. అందుకే ఏడుస్తోంది. ఏడుస్తూనే మాటకి కట్టుబడి బంతి వదిలేస్తోంది చూడండి."

"నా పిల్లలు... నా పిల్లలే... ఎందుకు? నేనేం చేశాను మీకు?"

"మీరేం చెయ్యలేదు. గెలిస్తే మిమ్మల్ని జాతీయ జట్టుకి తీసుకుపోతారు. మేం మళ్లీ ఆ పాత కోచ్, పెద్ద సార్ చేతిలో పడతాం. బస్సులో అందరికీ అదే చెప్పాను."

"నీకెవరు చెప్పారు?"

"పెద్ద సారే. మొన్న జిమ్ మెట్ల మీద కనబడ్డారు. 'మీ మెతక సారుకి ఉత్తరం వచ్చేసింది, కప్పు కొట్టగానే పైకి ఎగిరిపోతాడు' అన్నారు."

"ఆయన మాటా నమ్మావ్! నీ ఎడమ చెవి మీద కొట్టిన మనిషి! ఇప్పటికీ నీతో మాట్లాడాలంటే నీ కుడిపక్కకి రావాలి నేను."

"కొడతారు సార్. కానీ అబద్ధమాడరు. ఉత్తరం వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"చూశారా!"

"వచ్చింది, రానని రాసి పంపేశాను. వారమైంది."

"మరి మాకు చెప్పలేదేం?"

"మీ బుర్రలు ఆట మీద ఉండాలని. బరువు నాది, ఆట మీది, అదే కదా మొదట్నుంచీ నేను..."

"బరువు మీదా? రెండు సెట్లూ మోసింది ఎవరు సార్? చేతిలోకొచ్చే బంతిని వదిలెయ్యడం ఎంత కష్టమో తెలుసా మీకు? నా మోచేతులు వాటంతటవే లేస్తుంటే కిందికి లాక్కున్నాను!"

"ఆగు. ఇంకోటి కూడా దాచాను. అది వింటే నువ్వే నన్ను కొడతావ్."

"ఏంటి?"

"ఓడితే నన్ను తీసేస్తారు."

"ఎవరు?"

"క్లబ్బువాళ్లు. నెల కిందటే చెప్పారు. కప్పు తెస్తే ఉంటావ్, తేకపోతే సోమవారం నుంచి పెద్ద సార్ వస్తారని."

"అంటే... ఓడితేనే ఆయన..."

"ఓడితేనే."

"ఆ సంగతి ఆయనకి తెలుసా?"

"తెలియకుండా ఉంటుందా? పిలుపు వచ్చింది ఆయనకే కదా."

"పెద్ద సార్ అబద్ధం ఒక్కటీ ఆడలేదు. సగం చెప్పి ఊరుకున్నారు. అయ్యో. అయ్యో సార్, ఒక్క ముక్క! నెల రోజుల్లో ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది మీకు?"

"భయపెట్టి ఆడించకూడదనుకున్నాను. ఆయన బెత్తం పట్టుకుని ఆడించాడు. 'ఓడితే మళ్లీ ఆ బెత్తమే' అని నేను అంటే, నా చేతిలోనూ అదే ఉన్నట్టు కదా అనుకున్నాను. ఓట్లు పెట్టించాను, నిర్ణయం మీదే అన్నాను, మంచి కోచ్‌నని మురిసిపోయాను. తెలియాల్సినవన్నీ జేబులో పెట్టుకుని మిమ్మల్ని ఓటెయ్యమన్నాను."

"కోచ్ గారూ! నాలుగు నిమిషాలు! రెఫరీ పిలుస్తున్నారు!"

"పద. అందరికీ చెప్పేసి, ఆడి తీరాలని ఆర్డరేస్తాను. రెండేళ్లలో ఇదే మొదటి ఆర్డరు."

"వెయ్యకండి సార్."

"ఏం?"

"అరుపు వినబడితే మా కాళ్లు కదలవు. ఆయన దగ్గర అలా అయిపోయాం. మీరు వచ్చిన ఆర్నెల్లకి గానీ పొడుగు గట్టిగా నవ్వలేదు, గుర్తులేదా? ఇప్పుడు మీరు కూడా అరిస్తే, ఆడాలనుకున్నా ఆడలేం."

"అయితే మళ్లీ ఓటు పెట్టు."

"ఒకసారి తేలింది మ్యాచ్ అయ్యేదాకా మారకూడదు. మీ రూలే."

"నా రూలు తగలెయ్య!"

"మారిస్తే ఇక ఏ ఓటుకీ విలువుండదని మీరే అన్నారు."

"మరేం చెయ్యను? ఆర్డరు వద్దు, ఓటు వద్దు! వెళ్లి వాళ్ల ముందు బోరుమని ఏడవనా? సరే, ఆ ఆరుగురూ ఎవరో చెప్పు. ఒక్కొక్కరినీ బతిమాలుకుంటాను. నాలుగు నిమిషాల్లో ఆరుగురు. అవుతుంది. పేర్లు చెప్పు."

"చెప్పలేను."

"పొడుగా? పొడుగు ఒకతి, అవునా?"

"సార్, అడక్కండి."

"నా ఉద్యోగం పోతే పోనీ, ఏదో ఒకటి చేసుకుని బతుకుతాను. చిట్టికి పదహారేళ్లు. సోమవారం పొద్దున ఆయన ముందు వరసలో నిలబడేది చిట్టి. దాని చెవి గురించి అడుగుతున్నాను, కెప్టెన్. ఎవరా ఆరుగురు?"

"లేరు సార్."

"లేరంటే?"

"ఆరుగురు లేరు."

"ఐదుగురా? లెక్క తప్పిందా? తప్పితే ఓటు చెల్లదు, పరిగెత్తు, వెళ్లి చెప్పు..."

"తప్పలేదు. గెలిస్తే సార్ వెళ్లిపోతారు, ఆయన వస్తారు, అయినా గెలుద్దామా, లేక ఓడిపోదామా అని అడిగాను. ఓడిపోదామనేవాళ్లు చెయ్యెత్తండి అన్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు సార్. వాళ్లకి ఆరని చెప్పింది నేను."