నగేష్ బండిల రెండే సీట్లు

ఏందిరా సాగర్, ఇందాకటి సంది ఫోన్ల గా కారు బొమ్మనే సూస్తున్నవ్? ఇటు తే, జర నన్ను గూడ సూడనియ్. ఓహో, రెండు సీట్లదా? కొన్నంక ఆదివారం ఆదివారమే బయటికి తీస్తవా? వాన పడితే కప్పేసి పెడ్తవా? అబ్బో! మా నగేష్‌గాడుంటే నవ్వి సచ్చేటోడు. నీకేమెరుక, నువ్వు పుట్టకముందు ముచ్చట. మన ఛత్రినాకలనే, గిదే గల్లీల, గా టిఫిన్ సెంటర్ ఉన్న కాడ ఉంటుండె. లాడ్ బజార్ దుకాండ్లకు గాజుల పెట్టెలు ఏసేటోడు. అంతకుముందు ఎవరో సేట్ దగ్గర డ్రైవరు. ఆ సేట్ ఊరిడిసి పోతా పోతా పాత కారు తుక్కుల ఏస్తనంటే, "నాకియ్యుండ్రి సాబ్" అని ఈడు అడుక్కొచ్చుకున్నడు. రేసు కారురా. ఆకుపచ్చది. పైన బట్ట కప్పు, పొట్ట నేలకు తాకుతుంటది. మన గల్లీల గా బండి! నువ్వే సోచాయించు.

అది ఇంటికొచ్చిన నాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టింది మా నీలమ్మనే. నా పెండ్లాం, నీకు నానమ్మ వరస. అందరం జెప్పినం, "నగేషూ, ఇది మురిపెం బండిరా, దాచుకో, పండుగకో పబ్బానికో తియ్యి" అని. ఆడేమన్నడు? "ఏందన్నా, కాళ్లు మంచిగున్నయని పండుగ నాడే నడుస్తమా?" అన్నడు. ఇగ రోజూ అదే బండి. ఎండల అదే, వానల అదే. గ్యాస్ బండను పక్క సీట్ల కూసుండవెట్టి బెల్టు పెడ్తుండె. బోనాలకు యాటపోతును సుత గా సీట్లనే తెచ్చిండు, అది తల బయటికి పెట్టి దొర లెక్క అందరిని సూస్కుంట వచ్చింది. ఇగ గాజులా? ఒక్కొక్క గుంతకు బండి ధన్ మని ఎగురుతది గదా, దుకాణంల సాబ్ పెట్టె ఇప్పి ఒక్క గాజు సుత సక్కగ రాలేదని నెత్తి కొట్టుకునేటోడు, "అరె నగేష్ మియా, యే క్యా లాయే జీ, ఏక్ భీ సాబిత్ నై!" అని. అయినా మారితేనా? పెట్టెల కింద బొంత పరిచిండు, మల్ల అదే బండి. స్పీడ్ బ్రేకర్ వస్తే పక్కలోడు దిగాలె. ఆడు ఏటవాలుగ మెల్లగ దాటిచ్చేదాక నడవాలె, మల్ల ఎక్కాలె. నేనొకసారి చార్మినార్ దాక ఎక్కిన, సగం తొవ్వ నడుసుడే అయింది. కప్పు చినిగితే పందిరి ప్లాస్టిక్ కట్టిండు. వానొస్తే బండి లోపల గొడుగు పట్టుకొని కూసునుడు! నవ్వకు, నిజం చెప్తున్న.

ఆ... ఏం జెప్తున్న? ఈ మధ్య గిట్లనే, మాట నడుమల పానం అలిసిపోతది. మన దిక్కు ఎవరికన్న పానం బాగలేకుంటే ఒక్కరినే పంపం గదా. ఆటోల పేషెంటు, మొగడు, ఆడబిడ్డ, పక్కింటామె, ఎవ్వరికి ఏం గాని సాయిలు సుత డ్రైవర్ పక్కపొంటి ఇరుక్కుంటడు. ఎంట మంది లేకుంటే ఇజ్జత్ గాదన్నట్టు. ఆ వానాకాలం ఒకనాడు పొద్దుగాల్ల నీలమ్మకు ఛాతిల నొప్పి లేసింది. వాన దంచుతుంది, పెద్ద రోడ్డంత నీళ్లు. ఎంత పిలిసినా ఒక్క ఆటోవాడు రాలే. నగేష్ బండి తీసిండు. రోజూ వానల తిప్పి తిప్పి ఏ గల్లీ ఎత్తు, ఏ గల్లీ పల్లం అంత ఎరుకనే ఆనికి. నీలమ్మను పక్క సీట్ల కూసుండవెట్టినం. మరి నేను? నాకు సీటేది? డోరు పట్టుకొని నిలవడ్డ. "అన్నా, డోరు ఇడువు. వదినెను నేను తీస్కపోత, నువ్వెనక రా" అన్నడు. ఇడిసిన. ఏం జేస్త మరి? నడుసుకుంట, నీళ్లల్ల ఊగుకుంట దవఖాన్ల పడేసరికి ఆడు మెట్ల మీద కూసున్నడు. నన్ను సూసి లేసి నిలవడ్డడు. ఆడు లేసుడుతోనే సమజైంది నాకు. ఆలస్యం గాలేదు, ఏళకే తెచ్చిండు, గుండెనే తట్టుకోలేదు అన్నరు డాక్టర్లు.

గప్పటి సంది నాకు ఒక్కటే ఫికర్. ఆఖరికి ఏమన్నది? ఇంత సంసారం జేసినం, ఆఖరి మాట నాకు దక్కలే, ఆనికి దక్కింది. అడిగిన. "ఏమనలే అన్నా" అన్నడు. దినాల నాడు అడిగిన, దసరాకు అడిగిన, చాయ్ తాగుకుంట అడిగిన. "ఏమనలే" అనుడు, మొకం అటు తిప్పుకునుడు. నీ పేరు తలిసిందన్నా అని ఒక అబద్ధమన్న ఆడొచ్చు గదరా? ఆడలే. నన్ను తిట్టిందేమో, శాపం పెట్టిందేమో అని నేను ఎన్నేండ్లు కుమిలిన్నో ఆ దేవునికే ఎరుక. ఆఖరికి ఆడు సుత మంచం పట్టిండు, కిషన్‌బాగ్‌ల బిడ్డ ఇంట్ల. పోయి పక్కన కూసున్న. "నగేషూ, నువ్వు గూడ పోతే నేను ఇంకెవ్వరిని అడగాల్రా" అన్న. ఎక్కెక్కి ఏడ్సిండు. "నువ్వు బాధపడ్తవని చెప్పలే అన్నా. వాన జర తెరిపిచ్చింది, ఖాళీ రోడ్డు దొరికింది. వదినె నవ్వింది. 'ఇంకింత జోరుగ పోనియ్ తమ్మీ' అన్నది. గంతే. మల్ల మాట్లాడలే" అన్నడు.

నవ్విందట. ఇన్నేండ్లు నా స్కూటర్ ఎనక కూసున్నదిరా బిడ్డా, నా నడుం పట్టుకొని. గామె భయపడ్తదని నేను ఒక్కనాడన్న జోరుగ తోలలే. ఒక్కనాడన్న గామె...

పాలు పొయ్యి మీద పెట్టిన్నా ఏంది? జర పోయి సూడుపో.