ఏకగ్రీవం వద్దన్న మనిషి

“అవ్వా, సుజాతక్క గవర్నర్ ఎలక్షన్‌కి నిలబడితే నువ్వు అన్నం మానుకున్యావంట గదా. నిజమేనా?”

ఎవరు చెప్పినారే నీకు? మా అల్లుడే చెప్పింటాడు. ఆ కత చెప్పుకోని నవ్వేది ఆయనకొక పనైపోయింది. నిజమే శ్రావణీ, మానుకుంటి. రెండు పూటలు. రెండేనా? కాదు, మూడు. మూడో పూట కాఫీ తాగినాలే, అది లెక్కలోకి రాదు. ఆ ఫోను నా పక్కన పెట్టినావేంది, రికార్డు చేస్తాండావా? చేసుకో, చేసుకో. భయపడే కాలమంతా అయిపోయింది నాకు.

నువ్వు పైరూములోకి అద్దెకు రాకముందు సంగతి ఇది. నేను ఆర్నెల్ల వీసా మీద వచ్చి అప్పటికి నెల గూడా కాలే. ఈ ఇంగ్లండులో, ఈ బేసింగ్‌స్టోక్ ఊర్లో కారు లేకపోతే ఉప్పు పొట్లం గూడా తెచ్చుకోలేం గదా. పొద్దున అందరూ ఆఫీసుకూ బడికీ పోతే ఇంట్లో మిగిలేది నేనూ, హీటరూ. మాపటికి అందరం కూచోని తినేదొక్కటే సంతోషం. ఆ పొద్దు సంగటి చేసినా. రాగిపిండి మా అల్లుడు లండన్ పక్క ఇల్ఫర్డ్ పోయినప్పుడు తెస్తాడు. గుంటూరాయన గదా, మొదట్లో సంగటి ముద్దను సూసి బెదిరేవాడు, ఇప్పుడు పప్పు పోసుకోని రెండు ముద్దలు తింటాడు. మా కాలంలో పడి రాగులు అర్ధరూపాయికి వచ్చేటివి, బీదోళ్ల తిండి. ఈడ మందు మాదిరి పొట్లం కట్టి అమ్ముతారు. యాడికి పోతాండా నేను? ఆఁ, సంగటి. ముద్ద నోట్లో పెట్టుకోబోతాంటే మా సుజాత అనింది, “అమ్మా, నేను గవర్నర్‌కి నిలబడతాండా” అని.

ముద్ద చేతిలోనే ఉండిపాయె.

నాకు తెలిసిన గవర్నరు ఎవరు? రాజభవనంలో ఉండేటాయన. జెండా పండగనాడు టీవీలో కనపడతాడు, కొత్త మంత్రులతో ప్రమాణం చేయిస్తాడు. ఆయనకు ఎలక్షనేంది? ఢిల్లీ వాళ్లు పంపిస్తే వస్తాడు, పిలిస్తే పోతాడు. “గవర్నరుకు ఓట్లేందే, మతి గానీ పోయిందా నీకు?” అంటి. మా అల్లుడు అందుకోని, “అమెరికాలో అయితే రాష్ట్ర గవర్నర్ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారండి అత్తయ్యగారూ. ఇక్కడ రాష్ట్రానికి కాదు, బడికి గవర్నర్లుంటారు. బడి ఎలా నడవాలో వాళ్లు కూర్చుని చూస్తారు. అందులో ఒకరిని పిల్లల అమ్మానాన్నలు ఓట్లేసి పంపుతారు” అన్యాడు. బడికి గవర్నరా! ఇంగ రేపు బస్టాండుకు ముఖ్యమంత్రిని పెడతారేమో అంటి. అందరూ నవ్విరి. నేనూ నవ్వితి.

ఊరికే అడిగినా, “పోటీ ఎవరన్నా ఉండారా?” అని. “డేవిడ్ అని ఒకాయన ఉండాడమ్మా. మన నిత్య స్నేహితురాలు లేదూ, ఆ పాప నాయన” అనింది. అంతే. ఇంగ ముద్ద దిగలే.

నువ్వు ప్రొద్దుటూరు పిల్లవి, టౌనులో పుట్టినదానివి. నీకు తెల్దు. మా ఊరి పేరెందుకులే ఇప్పుడు. మన రాష్ట్రంలో ఓట్లు ఎన్ని తీర్లు మారినాయో చూసినదాన్ని నేను. మొట్టమొదట మనిషికొక పెట్టె పెట్టేవాళ్లంట, ఎవురు నచ్చితే వాళ్ల పెట్టెలో కాగితం వేసేదంట, మా జేజి, మా నాయన తల్లి, చెప్పేది. నాకు ఓటు వచ్చేసరికి కాగితం మీద ముద్ర గుద్దేది. తర్వాత మిషన్లు వచ్చె, కుయ్యిమని కూస్తాయి. ఆఖరికి రాష్ట్రమే రెండు ముక్కలాయె. అన్నీ మారె గానీ మా ఊర్లో ఓటేసే చెయ్యి మాత్రం మారలే. పెద్దింటోళ్ల చెయ్యి. నేను పోతే వేలికి సిరా పూసేవాళ్లు, “నీ ఓటు పడిపోయిందిలేమ్మా, ఇంటికి పో” అనేవాళ్లు. ఆ సిరా సూసుకోని నేనే వేసినట్టు అనుకునేదాన్ని. చచ్చిపోయినోళ్లు గూడా మా ఊర్లో ఓటు మానింది లేదు. మా జేజి పోయినాక గూడా రెండు ఎలక్షన్లలో వేసింది, పుణ్యాత్మురాలు.

సర్పంచి ఎలక్షన్ అయితే ఆ మాత్రం గూడా లేదు. ఏకగ్రీవం. ఎవురూ పోటీ చేయరు. చేయరు కాదు, చేయనీరు. చిన్నప్పుడు అది మంచి మాటే అనుకుంటి. ఊరంతా ఒక్క మాట మీద ఉందని పేపర్లో రాస్తారు గదా, మురిసిపోయేవాళ్లం.

మా అన్న ఒక్కడు నిలబడినాడు. ఓబులేసన్న. సైకిలు షాపు ఉండె వాడికి. ఊర్లో మా వీధికి బోరు లేదు, అడిగితే ఇయ్యలే, నేనే సర్పంచినైతా అన్యాడు. నామినేషన్ వేసి బస్సు దిగి వస్తాంటే వాడి మొగం సూడాల నువ్వు. పెండ్లికొడుకు గూడా అట్ల నడవడు.

మరుసనాడు మిట్టమధ్యాన్నం పెద్దింటి మనుషులు నలుగురు వచ్చినారు. కొట్టలే, తిట్టలే. చేతుల్లో కట్టెలుండె, అంతే. మంచం మీద కూచోని నేనిచ్చిన మజ్జిగ తాగినారు. తాగి, నా పక్క సూసి మా అన్నతో, “పెండ్లీడుకొచ్చింది గదప్పా పాప. జాగ్రత్తగా సూసుకో” అన్యారు. పోతాపోతా గ్లాసులు గూడా బోర్లించి పెట్టినారు, మర్యాదస్తులు.

వాళ్లు పోయినాక నేను మా అన్న కాళ్లు పట్టుకుంటి. అన్నం మానుకుంటి. వాపసు తీసుకో అన్నా, నీకు నేను కావాల్నా సర్పంచిగిరీ కావాల్నా అని తలుపు పట్టుకోని ఏడిస్తి. తీసుకున్యాడు. ఏకగ్రీవమాయె. పెద్దింటి నుంచి మాకు మైసూరుపాకు వచ్చె. ఆ తర్వాత మా అన్న ఏ ఎలక్షన్‌కీ పోలే, వేలికి సిరా గూడా పూయించుకోలే. పోయేదాకా నన్ను ఒక్క మాట అనలే. ఒక్క మాట అనింటే బాగుండు అనిపిస్తాది నాకు... కొంచెం నీళ్లియ్యి తల్లీ.

ఇప్పుడు నువ్వే చెప్పు. సుజాతకు పోటీ ఉండాదంటే నాకు కనపడింది బడి గాదు, మంచం మీద కూచున్న ఆ నలుగురు. ఇంట్లో ఆడపిల్ల గూడా ఉండె, నా మనవరాలు నిత్య. వాపసు తీసుకోవే అంటి. “ఇది మన ఊరు గాదమ్మా. ఆ బడిలో మన పిల్లోళ్లు ఇంతమంది ఉండారు, గవర్నర్లు కూచునే ఆ బల్ల కాడ మనోళ్లు ఒక్కరు గూడా లేరు, ఎవరో ఒకరు కూచోవాల గదా” అనింది. నాకు చెవికెక్కలే. కంచం పక్కకు నెట్టేసి దుప్పటి కప్పుకోని పండుకుంటి. నాకు తెలిసిన విద్య అదొక్కటే గదా.

మూడో పూట, శుక్రవారం, అది ఆఫీసు నుంచి వచ్చి కోటు గూడా ఇప్పకుండా నా మంచం కాడ నిలబడి, “సరేమ్మా. సోమవారం బడికి చెప్తా. ఇంగ లేచి తిను” అనింది. తప్పుకుంటాండానని డేవిడ్ భార్యకు మెసేజి గూడా పెట్టింది. దాని మొగం సూస్తి. అచ్చం మా ఓబులేసన్న మొగం. సూడనట్టు తలకాయ తిప్పుకోని కాఫీ తాగినా.

శనివారం పొద్దున బెల్లు మోగె. కిటికీలోంచి సూద్దును గదా, తాటిచెట్టంత మనిషి, బోడిగుండు, చేతిలో కట్టె! కొన వంకర తిరిగిన కట్టె! నా దగ్గర ఏముండాది? సంగటి కెలికే తెడ్డు, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నది. అది పట్టుకోని తలుపు తీస్తి. ఆయన నా తెడ్డు సూసె, నేనాయన కట్టె సూస్తి. “గుడ్ మార్నింగ్” అన్యాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకోని, “నో ఎలక్షన్! వాపస్! వాపస్!” అని అరిస్తి.

నవ్వకే. నా పేనం నాది అప్పుడు.

ఇంతలో నిత్య మెట్లు దిగి ఉరికొచ్చి, “అవ్వా, దట్స్ మై హాకీ స్టిక్!” అనింది. ఆయనే ఆ డేవిడ్. నిత్య వాళ్లింట్లో మరిచిపోయి వచ్చిందంట. ఇచ్చిపోదామని తెచ్చినాడంట. సుజాత వచ్చె, అల్లుడు వచ్చె, ఆయన గడప బయటే నిలబడి ఏందేందో చెప్పబట్టె. కోపంగా లేదు, బతిమాలినట్టు ఉండాది. ఏమంటాండాడు నాయనా అని అడిగితే మా అల్లుడు చెప్పినాడు. “సుజాత తప్పుకుంటే ఇంక ఎన్నికే ఉండదంట అత్తయ్యగారూ, ఆయన గెలిచినట్టే అయిపోతుందంట. ఎవరూ ఓటెయ్యకుండా వచ్చిన కుర్చీ నాకెందుకు, దయచేసి నిలబడు అంటున్నాడండి.”

మళ్లీ చెప్పు అంటి. చెప్పినాడు. సరిగ్గా ఇను నాయనా, ఏకగ్రీవం వద్దంటాండాడా అంటి. “అవునండి, అదే” అన్యాడు.

శ్రావణీ, నాకు డెబ్భై రెండేండ్లు. ఏకగ్రీవం వద్దన్న మనిషిని నేను సూడలే. ఉంటారని గూడా అనుకోలే. తెడ్డు ఇంగా నా చేతిలోనే ఉండె. అప్పుడు తట్టె నాకు. ఆ పొద్దు ఆ ఇంట్లో కట్టె పట్టుకోని, వాపస్ వాపస్ అని అరిచిందెవరు? ఆయన గాదు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను తల్లీ. పెద్దింటోళ్లు ఒకసారి వచ్చి పోయినారు, అంతే. నేను ఇన్నేండ్లు వాళ్ల పని చేస్తానే ఉండా.

తెడ్డు మూలన పెట్టి సుజాతతో, “నిలబడవే” అంటి. ఆయన్ను లోపలికి రమ్మని కూచోబెట్టి మజ్జిగ ఇస్తి. పచ్చిమిరపకాయ కొంచెం ఎక్కువ పడిందేమో, కండ్లెంబడి నీళ్లు కార్చుకుంటా తాగినాడు, పాపం. గ్లాసు తెచ్చి నా చేతికే ఇచ్చి, రెండు చేతులూ జోడించినాడు.

తర్వాత ఏముంది. నిత్య బడిసంచిలో ఓటు కాగితాలు వచ్చె. సుజాతా, మా అల్లుడూ ఈ బల్ల మీదనే టిక్కు పెట్టి కవర్లో వేసిరి. సిరా లేదు, పోలీసులు లేరు. నాకొక ఓటు లేదా అంటే అవ్వలకు లేదంట. పోనీలే. సుజాత ఓడిపోయింది. కొంచెంలో కాదు, బాగానే ఓడింది. ఆ సాయంత్రం డేవిడ్ భార్య కేకు తెచ్చె, ఓడినామె గెలిచినోళ్లకు టీ పెట్టె, ఇద్దరూ కూచోని బడి సంగతులు మాట్లాడుకుండిరి. నేను అట్ల సూస్తా ఉండిపోతి.

బడి నుంచి కాగితం వచ్చింది, ఇద్దరి పేర్లు అచ్చేసి, పక్కన వచ్చిన ఓట్లు వేసి. మా సుజాతకు నలభై ఒకటి. ఆ కాగితం నేనడిగి తీసుకుంటి. ఇదో, నా పర్సులో మా అన్న ఫోటో ఎనకాల మడిచి పెట్టినా. నలభై ఒకటి అన్నా, అని చెప్పినా వాడికి. నీకు ఒక్కటి గూడా పడనీకపోతిని అని చెప్పినా...

సరే, లే, నీకు పొద్దుపోతాది, షిఫ్టుకు పోవాల గదా. సల్లగుండు తల్లీ. గెలువు అని దీవించనులే, అది మన చేతిలో లేదు. ఎప్పుడన్నా దేనికన్నా నిలబడాలనిపిస్తే నిలబడు. మీ అమ్మ గానీ అన్నం మానుకునిందంటే నాకు ఫోను చెయ్యి. ఆయమ్మతో నేను మాట్లాడతా.