నలభై నిమిషాల నలుపు

దిగు నాయనా, ముందు ఆ స్టూలు మీంచి దిగు. కెమెరా ఊడదీయడం ఎంతసేపు, తర్వాత తీద్దువుగాని. వచ్చినప్పట్నించీ చూస్తున్నాను, నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. మా అబ్బాయి ఫోన్లో అన్నన్ని మాటలన్నాడే, ఒక్కదానికీ తిరిగి జవాబివ్వలేదేం? అంత మెతకైతే ఎలా బతుకుతావయ్యా?

ఉండు, చేతులు దుమ్ము కొట్టుకుపోయాయి. తుడుచుకో. ఆ తువ్వాలు కాదు! మేకుకున్నది ముట్టుకోకు. అది ఆయనది. ఇదిగో, ఇది తీసుకో.

మీ యజమాని నిన్ను ఇక పన్లోకి రావద్దన్నాడటగా? విన్నాను. పద్దెనిమిదేళ్లుగా వైర్లు లాగుతున్నవాడికి, వైరు వదులుగా బిగించి ఒక ఇంటి పెద్దాయన్ని పోగొట్టాడని పేరొస్తే మళ్లీ ఎవరు పిలుస్తారు?

అందుకే కూర్చోమంటున్నాను. నీతో చెప్పాల్సింది ఒకటుంది. సూటిగా చెప్పడం నాకు చేతకాదు, కాస్త ఓపిక పట్టు.

నువ్వు మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? మూడు రకాలు తీసి ఈ బల్ల మీద పెట్టావు. గుండ్రంది, గొట్టంలా పొడుగ్గా ఉన్నది, మెడ తిప్పి చూసేది. ఆయన గుండ్రందాన్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి బోర్లేసి, ఇదెవరి కన్ను అని అడిగారు. నువ్వు నవ్వలేదు. "మీ అబ్బాయిగారిదండీ. ఆఫీసులో కూర్చుని మిమ్మల్ని చూసుకుంటారు" అన్నావు. ఆ ఒక్క మాటకే నీ మీద అభిమానం పుట్టింది నాకు.

రెండు పెట్టించుకోమన్నావు. ఒకటి ఈ హాల్లో, ఇంకోటి బయట గుమ్మం మీద, వీధి రెండువైపులా కనపడేట్టు. నేనేమన్నాను? బయటెందుకయ్యా, మేం కాపలా కాయాల్సిన దొంగ లోపలే ఉన్నాడన్నాను. పెద్ద హాస్యమాడినట్టు నేనే నవ్వాను. ఆయనా నవ్వారు, ఎవర్ని అంటున్నానో తెలీక.

మరి దొంగే కదూ! మతిమరుపు ముదిరాక ఎన్నిసార్లు జారుకున్నారో. తలుపు తీసుకుని, చెప్పులేసుకుని, ప్రెస్సుకి బయల్దేరేవారు. ముప్పై ఏళ్లు అచ్చు అక్షరాలు పేర్చిన చోటు. అది మూతపడే పదిహేనేళ్లయింది. గొళ్లెం ఎంత పైన పెట్టించినా ఆ వేళ్లు వెతికి పట్టుకునేవి.

నాకు చదువు చెప్పింది ఆయనే, తెలుసా? యాభై దాటాక. సీసపు అక్షరాలు తెచ్చి అరచేతిలో పెట్టి, కళ్లు మూసుకుని తడిమి చెప్పమనేవారు. ఆ చదువుతోనే ఓ కాయితం రాసి తలుపుకి అంటించాను, బయటికి వెళ్లకండి అని. ఆయన వచ్చి, నిలబడి చదివి, జేబులోంచి పెన్సిలు తీసి, నేను మర్చిపోయిన వత్తు దిద్ది, తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

నవ్వు, పర్లేదు. ఆరోజు నేనూ నవ్వాను. సందు మలుపులో పట్టుకున్నాం కదా, అందుకని.

ఆ తర్వాతే మావాడు నిన్ను పిలిచాడు.

నీ కెమెరా బాగానే పనిచేసింది నాయనా. ఆయన మంచం దిగి గుమ్మం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, మావాడి ఫోను మోగేది. "నాన్నా, కూర్చో" అనేవాడు ఆ కెమెరాలోంచే. ఈయన చేతులు కట్టుకుని, చిత్తమండీ అని కూర్చునేవారు. కన్నకొడుక్కి!

ఒకరోజు ఏమైందంటే... ఎలా చెప్పను? బాత్రూం దాకా వెళ్లలేకపోయారు. ఇదిగో, ఇక్కడే, హాలు మధ్యలో. పంచె తడిసిపోయి అలా నిలబడిపోయారు. పైనించి అది చూస్తోంది. ఆఫీసులో మావాడి పక్కన ఎవరెవరుంటారో. చొక్కా గుండీ ఊడి ఉంటే తలుపు కూడా తీయని మనిషాయన.

ఎత్తు దండేనికి బట్టలందించే కర్ర ఉందే, దానికి ఆయన తువ్వాలు తగిలించి, నేను అందులో కనపడకుండా పక్కనించి లేపి, కెమెరా మీద పడేశాను. ఒళ్లు కడిగి, పొడి పంచె కట్టి, మళ్లీ దించేశాను. ఎందుకు నల్లగా అయిపోయిందమ్మా అని సాయంత్రం మావాడడిగితే, కరెంటు పోయిందిరా అన్నాను. నమ్మాడు.

ఇంకోసారీ అలాగే చేశాను. అప్పుడూ నమ్మాడు.

మూడోసారి ఆ రోజు. పంచె మార్చి, మంచం మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని తడి బట్టలు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. తువ్వాలు వచ్చి తీద్దాంలే అనుకున్నాను. ఉతికి, పిండి, ఆరేసి వచ్చేసరికి మంచం ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పుల్లేవు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? వీధిలోకి పరిగెత్తాననుకుంటున్నావా? లేదు నాయనా. ముందు కర్ర తెచ్చి తువ్వాలు దించాను. దించి, మేకుకి తగిలించి, అప్పుడు పరిగెత్తాను.

కుడివైపుకి, ప్రెస్సు వైపుకి వెళ్లాను. అటు లేరు.

ఇరవయ్యారు రోజులైంది. పోలీసులు అడిగేది ఒకటే, గుమ్మం దాటి ఎటు తిరిగారు అని. బయట కెమెరా లేదు, లోపలిది చూస్తే నలభై నిమిషాలు నలుపు, మావాడి ఫోనూ మోగలేదు. వైరు ఊడిందని మావాడు నీ మీద పడ్డాడు. నేను ఇక్కడే నిలబడి అంతా విన్నాను. ఆయన దొరికాక చెబుదామనుకున్నాను. దొరకలేదు. ఒక్కో రోజూ గడిచేకొద్దీ మాట ఇంకా లోపలికి పోయింది. వాడు రోజూ నా పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినిపించి, నీ తప్పేం లేదమ్మా అంటాడు. చెబితే ఆ మాట కూడా పోతుందని నా భయం.

ఏంటి, తల వంచుకున్నావు?

నీకు ముందే తెలుసా? రికార్డు దగ్గరగా పెట్టి చూస్తే గుడ్డ నేత కనపడిందా? మరి... వాడు అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావయ్యా? నా కోసమా? పని పోగొట్టుకుని మరీనా?

వద్దు. నాకోసం ఇంకెవరూ ఏమీ పోగొట్టుకోవద్దు.

ఆ కెమెరా పెట్టెలో పెట్టకు. బయట గుమ్మం మీద బిగించు, నువ్వు ఆనాడు చెప్పిన చోటే. వచ్చేటప్పుడైనా ఎటునించి వస్తారో చూస్తాను.

ఇదిగో, రెండు కాయితాలు. ఒకటి మీ యజమానికి, ఒకటి మావాడికి. సాయంత్రం వాడు స్టేషన్నించి రాగానే చేతికిస్తాను. వైరు ఊడలేదు, కెమెరా చెడిపోలేదు, గుడ్డ కప్పింది నేనే అని రాశాను. నిన్నంతా పట్టింది.

ఓసారి చదివి, అర్థమవుతుందో లేదో చెప్పు. తప్పులుంటాయి నాయనా. దిద్దేవారు ఇంట్లో లేరు.