మేడి పట్టిన ఏడు

"నానమ్మా, నైట్ డ్యూటీ వారమొస్తే ఇల్లు, పాప, నౌకరి ఏదీ అందుతలేదు నాకు. నువ్వూ తాతా అప్పట్ల ఎట్ల ఎల్లదీసిండ్రు?"

ఎట్లేంది, నాగలి మేడి పట్టి ఎల్లదీసిన. నవ్వుతవేందే? మన ఊరు లక్డారంల నాగలి దున్నిన ఆడిదాన్ని నేనొక్కదాన్నే, ఎవలనన్న అడుగు.

మీ తాతకు పటాన్‌చెరు కంపెనీల నౌకరి దొరికింది. మీ నాయిన పుట్టిన ఏడు... ఆఁ, కాదు కాదు, మీ అత్త పుట్టిన ఏడు, మీ నాయిన గప్పటికే ఉరుకుతుండె. ఇనుప రేకులు కోసే మిషన్ మీద పని. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఊరంత సంబరపడ్డది. గానీ రాత్రంత మిషన్ కాడ నిలవడి, పొద్దుగాల సైకిలేసుకొని వచ్చి, సీదా ఎడ్లు కట్టుడే! జెర పండుకోవయ్యా అంటే, "పొద్దెక్కినంక పండుకుంటే ఊరేమంటది? ఎవుసం చేసేటోణ్ని కానా నేను?" అంటుండె. అగో, గదే పంతం.

రాత్రి డ్యూటీ వారం నాలుగో రోజు నాగలి పట్టుకొనే కునుకు తీసిండు. కర్రు పోయి ఎద్దు కాలుకు కోసుకున్నది. నేను సద్ది పట్టుకొని పోయేసరికి రక్తం. ఎద్దును సూసి ఏడుపొచ్చింది గానీ, మీ తాత చేతులు సూస్తే ఆ కోసే మిషనే యాదికొచ్చింది నాకు. ఆడ గిట్లనే కునుకు తీస్తే మిషన్ ఆగుతదా బిడ్డా? ఆయన దోస్తు ఒకాయన గప్పటికే రెండు వేళ్లు పోగొట్టుకున్నడు.

తెల్లారి మీ తాత డ్యూటీ నుంచి వచ్చిండు, ఇంత గట్క తిన్నడు, తువ్వాల కోసమని అర్రల అడుగు పెట్టిండో లేదో, బయట గొళ్లెం పెట్టిన! "ఏమే, తీయ్!" అని తలుపు బాదుడే బాదుడు. "పండుకొని లేచినంకనే తీస్త" అన్న. మా అత్తను తలుపు ముందట కూసోబెట్టిన. "ఆడిది నాగలి పడితే వాన పడదే" అని ఆమె ఒకటే గొణుగుడు. "పడకుంటే నన్నడుగు" అన్న.

మిగిలిన ఎద్దుకు పక్కింటోళ్ల ఎద్దును అడిగి జత కట్టిన. మొదటి సాలు వంకర టింకర పోయింది, అబద్ధమెందుకు. మా నర్సయ్య కాక గట్టు మీద నిలవడి, "ఛీ ఛీ, ఏందే పిల్లా గిది?" అన్నడు. "నువ్వు దున్నుతవా కాకా, రా, పట్టు" అన్న. కండువ దులుపుకొని పోయిండు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి నా సాలు దారం పట్టి గీసినట్టొచ్చింది, నీ మీద ఒట్టు.

మీ తాతను రెండు దినాలు గట్లనే గొళ్లెం పెట్టి పండవెట్టిన. మూడోనాడు తనే అర్రలకు పోయి, "గొళ్లెం పెట్టకు, పండుకుంట" అన్నడు. ఇగ గంతే. రాత్రి డ్యూటీ వారం మేడి నాది. పగటి డ్యూటీ వారం, రాంగనే ఎడ్లూ పిల్లలూ ఆయనయి. వానంటవా? ఆ ఏడు చెరువు నిండి మత్తడి దుంకింది! మా అత్తనే, "వచ్చే ఏడు సుత నువ్వే పట్టవే" అన్నది.

నౌకరి అయిపోయేదాంక చేసిండు. ఆయన పోయిన్నాడు చేతులు రెండు నా ఒళ్లె పెట్టుకొని సూసిన. పదికి పది వేళ్లున్నయి. నేను కాపాడుకున్న వేళ్లు బిడ్డా అవి.

అగో, నువ్వెందుకు ఏడుస్తవే? పాపనిటియ్యి. సల్లగుండాలె నువ్వు, నీ చేతులు సల్లగుండాలె. ఇగ లే, అర్రలకు పో... గొళ్లెం నేను పెడ్త.